గద్ద రెక్క, గబ్బిలం రెక్క

వాడరేవు



ఈసారి మన తీరంలో ఎగిరే రెండు జీవుల గురించి రాస్తున్నాను. ఒకటి తెల్లపొట్ట సముద్రపు గద్ద. రెండోది పొద్దుగూకాక మర్రిచెట్టు వదిలి బయల్దేరే పెద్ద పండ్ల గబ్బిలం. గద్ద కనబడితే పిల్లలకు వేలెత్తి చూపిస్తాం. గబ్బిలాన్నేమో అపశకునం అంటాం. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం.

కొలతల్లో గద్దదే పైచేయి. చాపిన రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల దాకా ఉంటాయి. గబ్బిలానికి మహా అయితే ఒకటిన్నర. గద్ద నీళ్ళ మీదికి దూసుకొచ్చి చేపనో, కడలి పామునో గోళ్ళతో తన్నుకుపోతుంది. ఆస్ట్రేలియాలో ఈ జాతి గద్దలే పండ్ల గబ్బిలాలనూ వేటాడతాయి.

కానీ గబ్బిలం రెక్క చూడండి. ఈకలుండవు, అది చెయ్యే. జానెడుకు పైగా సాగిన వేళ్ళ మధ్య పల్చటి తోలు, అందులో సన్నటి నెత్తురు నాళాలు. బొటనవేలు మాత్రం కొక్కెంలా బయటే ఉంటుంది, దాంతోనే కొమ్మ పట్టుకు పాకుతుంది. మనలాగే పాలిచ్చే జంతువు. ఏడాదికి ఒక్కటే పిల్ల. మొదటి వారాల్లో తల్లి ఆ పిల్లను పొట్టకు హత్తుకునే ఎగురుతుంది. పురుగుల్ని తినే చిన్న గబ్బిలాలు చీకట్లో తమ కూత ప్రతిధ్వనిని బట్టి దారి పోల్చుకుంటాయి. పండ్ల గబ్బిలం అలా కాదు, కంటితో, ముక్కుతో పండును వెతుక్కుంటుంది. మర్రి, రావి, మేడి పళ్ళు తిని గింజల్ని దూరదూరాన రాలుస్తుంది. బూరుగు పూల తేనె తాగుతూ పుప్పొడి మోస్తుంది. ఈ పని గద్ద చెయ్యలేదు.

గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిన కావ్యం కవి జాషువా 1941లోనే రాశారు. గబ్బిలాన్ని ఆదరించడానికి చట్టానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1972 వన్యప్రాణి చట్టంలో గద్దకు అత్యున్నత రక్షణ దక్కింది గానీ, పండ్ల గబ్బిలం మాత్రం కాకులు, ఎలుకలతో పాటు హానికర జీవుల జాబితాలో ఉండిపోయింది. ఆ జాబితాను 2022 సవరణతో తీసేశారు.

గబ్బిలం కొరికిన పండు తినకండి, నిపా వైరస్ భయం నిజమే. అంతమాత్రాన అవి వేలాడే చెట్టును కొట్టేయనివ్వకండి. గద్ద ఏళ్ళ తరబడి ఒకే గూటికి వస్తుంది, గబ్బిలాల గుంపు ఒకే చెట్టును పట్టుకుని ఉంటుంది. బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా, తెనాలి పక్క పల్లెలోనైనా అలాంటి పాత చెట్టు మీద గొడ్డలి పడబోతోందని తెలిస్తే, వెంటనే అటవీశాఖ వాళ్ళ చెవిన వెయ్యండి.

మీ మిత్రుడు