గుప్పెడు రేగడి

నేటి నిర్మల్ జిల్లాలోని బాసర యనగానే మనకు అక్షరాభ్యాసము స్ఫురించును. సరస్వతీదేవి సన్నిధిని పసివారిచేత బియ్యములో ఓనమాలు దిద్దింతురు. శిలీంధ్రములను చదువుట వృత్తిగా గల నాకు మాత్రము ఆ యూరి మట్టి మీదనే మనసు పోయెను. ఒక కందిచేనినుండి గుప్పెడు రేగడి మూటగట్టుకొని వచ్చితిని.

గ్రాము మట్టిని శుద్ధజలములో కలిపి, ఆ నీటిని పదింతలు, నూరింతలు, వేయింతలు పలుచన చేసి, ఒక చుక్కను అగరు మీద పరచితిని. అగరు సముద్రపు నాచునుండి తీయు పదార్థము. చల్లారిన గంజివలె పేరుకొనును. నాలుగు దినములకు దానిపై బూజులు పూచెను. నల్లనిది ఆస్పర్జిల్లసు, పచ్చనిది ట్రైకోడెర్మా. రెండును నాకు పాత చుట్టములే. వాని నడుమ గులాబి చాయగల దూదివంటి బూజొకటి కనబడెను. సూక్ష్మదర్శినిలో దాని బీజములు కొడవళ్లవలె వంగియుండెను. అది ఫ్యుజేరియము. జాతి తెలియుట సులభమే. అందులో ఏ రకమో తేల్చుట కష్టము. మేత మారినచో దాని రంగే మారును! కావున దానిని కంది మొలకల కుండీలో కలిపి చూచితిని. మొలకలు వాడలేదు. అది కందిని చంపునది కాదనిపించెను. అంతకుమించి పేరు పెట్టుటకు నేను సాహసింపలేదు.

ఈ పరీక్ష నేను కల్పించినది కాదు. వంద యేండ్లకు పూర్వము బీహారులోని పూసాలో ఇ. జె. బట్లరు అను శాస్త్రజ్ఞుడు కంది ఎండు తెగులును పరిశోధించెను. ఎండిన మొక్కలపై రెండు బూజులుండెను. అందొకటి నియోకాస్మోస్పోరా. అమెరికాలో ప్రత్తిని ఎండించునది అదియేనని 1899లో స్మిత్తు అను పండితుడు వ్రాసియుండెను. పెద్దల మాటయని బట్లరు ఊరకుండలేదు. రెంటిని వేరువేరుగా పెంచి, ఆరోగ్యముగల మొక్కలకు తగిలించి చూచెను. నియోకాస్మోస్పోరా వలన హాని కలుగలేదు. మొక్కలను చంపినది రెండవది. దానికి 1910లో ఫ్యుజేరియం ఉడమ్ అని పేరిడెను. శాస్త్రమునకు అది క్రొత్తది. రైతు నాగలి దానిని ఎన్ని తరములుగా తిరుగవేయుచుండెనో!

దోషి యెవరో తెలియనిచో మందు వేయుట యెట్లు? హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థవారు ఆ బూజు నిండిన మళ్లలోనే అనేక కందిరకములను నాటి, చావక మిగిలినవానిని ఏరిరి. ఎండు తెగులును తట్టుకొను మారుతి యను రకము అట్లు తేలినదే. 1986లో అది రైతుల చేతికి అందెను.