నంబర్ పెరిగితే గుండు చిన్నది

షాట్‌గన్ రేంజ్‌కి కొత్తగా వచ్చే తమ్ముళ్ల మొదటి ప్రశ్న: "ఏ తూటా కొనాలన్నా?" పవర్ ఎక్కువున్నదే మంచిదనుకుంటారు గానీ, లెక్క వేరు.

ముందు తుపాకీ గొట్టం మీద ఏం రాసుందో చూడండి. 12 బోర్, 70 మిల్లీమీటర్లు అనుంటే అంతకంటే పొడవైన తూటా వద్దు. 12 బోర్‌లో అంతకంటే సన్నటి 20 బోర్ తూటా వేస్తే లోపలికి జారి ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా వెనక ఇంకోటి పెట్టి పేల్చారా, గొట్టమే పగిలిపోవచ్చు. 20 బోర్ తూటాకి పసుపు రంగు వేసేది అందుకే. రెండూ ఒకే జేబులో ఎప్పుడూ వేసుకోకండి.

తర్వాత తూటాలోని గుండు సైజు. నంబర్ పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. స్కీట్ అనే పోటీలో, గురిపెట్టి కొట్టాల్సిన మట్టి పళ్లెం దగ్గర్లోనే ఎగురుతుంది కాబట్టి 9 నంబర్. ట్రాప్ అనే పోటీలో అది దూరంగా పారిపోతుంది కాబట్టి కాస్త పెద్ద గుండు, ఏడున్నర.

ఇక బరువు. 2016 రియో ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ కైనాన్ చెనాయ్ ఆడిన ట్రాప్‌లోనూ తూటాకి 24 గ్రాముల సీసమే. మొదట్లో మనకీ అది చాలు. భారీ లోడు కొని భుజం వాచిందా, ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్లు మూసుకుపోతాయి!