యుద్ధం ఎక్కడో... మెడనొప్పి ఇక్కడ!

మెడ తిరగడం లేదని, భుజాలు పట్టేశాయని వచ్చేవారిలో చాలామందికి ఎముకల్లోగాని, నరాల్లోగాని ఏ లోపమూ కనబడదు. "మరి నొప్పి ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు నాకు ఒక తల్లి నేర్పింది.

1999 జూన్. కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజులు. శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను కొత్తగా చేరిన డాక్టర్ని. యాభై ఏళ్ళావిడ మెడనొప్పితో వచ్చింది. భుజాలు కర్రల్లా బిగుసుకుని వున్నాయి. బిళ్ళలిచ్చాను, తగ్గలేదు. ఎక్స్‌రే తీయించాను, ఏమీ లేదు. మూడోసారి వచ్చినప్పుడు విసుగ్గా "నీకే జబ్బూ లేదమ్మా, అంతా భ్రమ" అనేశాను. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అప్పుడు మా కాంపౌండరు అన్నాడు: "వాళ్ళబ్బాయి మిలిటరీలో వున్నాడండీ. కార్గిల్ వెళ్ళాడు. నెలయింది, ఉత్తరం లేదు."

ఆ సంగతి నేను ముందే అడగవలసింది.

భయం వేసినప్పుడు శరీరం పోట్లాటకో, పరుగుకో సిద్ధమవుతుంది. రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుస్తాయి. ప్రమాదం తప్పితే సడలుతాయి. కాని వారాల తరబడి భయం వదలకపోతే బిగువూ వదలదు. నిద్ర చెడుతుంది. నిద్ర లేనివారికి కొద్దిపాటి నొప్పీ ఎక్కువగా తెలుస్తుంది. ఆ నొప్పి మళ్ళీ నిద్ర చెడగొడుతుంది. ఇది భ్రమ కాదు, నిజమైన నొప్పే.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది నొప్పికి మందే అడగలేదని బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు 1946లో రాశాడు. గాయమంటే వాళ్ళకు యుద్ధం నుంచి బయటపడటం అని ఆయన అభిప్రాయం. ఈ తల్లికి గాయం లేదు. కాని ఆవిడ యుద్ధం ముగియలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళి తప్పయిందన్నాను. "నొప్పి నిజమేనా బాబూ?" అని అడిగింది. "నిజమేనమ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చింది.

రెండుపూటలా పదిహేను నిమిషాలు కాపడం, మెడా భుజాలూ మెల్లగా తిప్పడం, పడుకునేముందు వార్తలు కట్టేసి నిదానంగా ఊపిరి తీసి వదలడం చెప్పాను. దసరాకు కొడుకు క్షేమంగా వచ్చాడు. నొప్పి మాత్రం మర్నాడే పోలేదు! అలవాటుపడ్డ కండరాలు సడలేసరికి సంక్రాంతి అయింది. కాబట్టి వ్యాయామం నాలుగు రోజులు చేసి మానకండి. 1965 యుద్ధంలో తుపాకిగుండ్లు తగిలి కాళ్ళ స్వాధీనం కోల్పోయిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చారు. అది ఏళ్ళ సాధన!

ఒక్క హెచ్చరిక. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా "మనోవ్యాధే" అనుకోకండి. ఛాతీనొప్పి చేతిలోకి పాకితే క్షణం ఆలస్యం చేయకండి. నొప్పి బిళ్ళలు నెలల తరబడి సొంతంగా మింగకండి, కడుపూ మూత్రపిండాలూ చెడతాయి.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు నొప్పితోపాటు ఇంట్లో దిగులు కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా సరే, చెప్పండి.