నేలమీద పడవ ప్రయాణం

నీటిమీద నడవవలసిన పడవను నేలమీద దాదాపు 460 కిలోమీటర్లు తీసుకువెళ్లిన సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేముంటున్నది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర. ఈ రాష్ట్రం చుట్టూ సముద్రాల్లాంటి మంచినీటి సరస్సులున్నాయి. ఇక్కడివారు చిన్న పడవను రెండు చక్రాల ట్రైలరుమీద కట్టి, కారు వెనుక తగిలించి తీసుకుపోతారు. గత వేసవిలో మా సంఘంలోని రెండు కుటుంబాలవాళ్లం ఉత్తరాన ఉన్న మాకినా జలసంధికి వెళ్లాలనుకున్నాం. పడవ మా సంఘ పెద్దగారిది.

రెండు రోజుల ముందు పెద్దగారు ట్రైలరును జాకీతో లేపి, చక్రాలను చేత్తో తిప్పి చూశారు. ఎడమ చక్రం హాయిగా తిరిగింది. కుడి చక్రం గరగరమంది. విప్పి చూస్తే గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబడి ఉంది. పడవను దించేటప్పుడు ట్రైలరు చక్రాలు నీటిలో మునుగుతాయి. దూరం నడిచి వేడెక్కిన చక్రం చన్నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. సీలు పాతదైతే నీరు లోపలికి పోయి బేరింగు తుప్పు పడుతుంది. పైకి మాత్రం ఏమీ కనబడదు. మన ఊళ్లో ఇరుసుకు కందెన పెట్టకుండా ఎవరూ దూరప్రయాణానికి బండి కట్టరు గదా! ఇదీ అంతే. రెండు వైపులా బేరింగులు, సీళ్లు మార్చేసరికి ఒక రోజు ఆలస్యమైంది. పిల్లలు అలిగారు.

టైర్లకు అరుగుదలే కాదు, వయసు కూడా చూడాలి. టైరు పక్కన అచ్చువేసిన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు అది తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఇక బరువు సంగతి. వెనుక బరువెక్కితే ఎడ్లబండి కాడి పైకి లేస్తుంది. ట్రైలరైతే పాములా ఊగుతుంది. అందుకే మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు కొక్కెంమీద పడేలా సర్దారు. కొక్కెం ఊడినా ట్రైలరు మూతి రోడ్డుమీద పడకుండా గొలుసులు రెండూ అడ్డంగా మార్చి తగిలించారు. పడవను ముందూ వెనుకా పట్టీలతో బిగించి, దీపాలు, స్టెప్నీ చూసి, ప్రార్థన చేసుకుని బయలుదేరాం.

80 కిలోమీటర్లకొకసారి ఆగి చక్రం నడిబొడ్డుమీద చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత కాలితే కదలకూడదు. సగం దారిలో ఒక కుటుంబం కనిపించింది. వారి పడవ ట్రైలరు చక్రం ఊడిపోయి, ఇరుసు రోడ్డును గీరుకుంటూ పోయింది. దేవుని కృపవలన ఎవరికీ దెబ్బ తగల్లేదు. వారికి మంచినీళ్లిచ్చి, సహాయం వచ్చేవరకు తోడుగా నిలబడ్డాం. అలిగిన మా పిల్లలు మాట్లాడకుండా మా కుడి చక్రంవైపు చూశారు.

సాయంత్రానికి 1957లో ప్రారంభమైన మాకినా వంతెన ఎక్కాం. పొడవు సుమారు 8 కిలోమీటర్లు. ఒకవైపు మిషిగన్ సరస్సు, మరోవైపు హ్యూరన్ సరస్సు. మరునాడు గాలిలేని ఉదయం పడవలో మాకినా దీవికి వెళ్లాం. అక్కడ 1898 నుండి మోటారు బండ్లకు నిషేధం. నేటికీ గుర్రపుబండ్లే తిరుగుతున్నాయి.

దివిటీలకు నూనె సిద్ధపరచుకున్న బుద్ధిగల కన్యకలు మాకు గుర్తుకొచ్చారు. నూనె గాని, గ్రీజు గాని పైకి కనబడేవి కావు. అవసరం వచ్చిన గడియలోనే వాటి లేమి బయటపడుతుంది. మన కుటుంబ ప్రార్థన, వాక్యధ్యానం కూడా అలాంటివే. ప్రియులారా, దారి ఎక్కకముందే లోపల చూసుకుందాం. అట్టి సిద్ధపాటు ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.