మంచం కింద ఆలుగడ్డలు

ఆలుగడ్డ తవ్వేస్తే పని అయిపోయిందనుకుంటాం. యూట్యూబ్ వీడియోలు కూడా అక్కడితోనే ఆగిపోతాయి. గ్రో బ్యాగ్ బోర్లిస్తారు, మట్టిలోంచి గడ్డలు దొర్లుతాయి, మ్యూజిక్, సబ్‌స్క్రైబ్, అయిపోయింది. ఆ గడ్డలు నెల తర్వాత ఎలా ఉన్నాయో ఏ చానలూ చూపించగా నేను చూడలేదు. మా ఇంట్లో మాత్రం అసలు కథ తవ్విన రోజే మొదలైంది.

మాది జహీరాబాద్ దగ్గర ఊరు. తెలంగాణలో ఆలుగడ్డ అనగానే గుర్తొచ్చేది ఆ ఎర్ర నేలలే. (బంగాళాదుంప అనే మాట నేను స్కూల్ పుస్తకంలో చదివాను, ఇంట్లో ఎప్పుడూ వినలేదు.) నాయిన ముప్పై ఏళ్లు ఆలుగడ్డ పండించాడు. నిరుడు ఎండాకాలం ఆయనకు స్టెంట్ వేశారు. బరువు పనులు వద్దన్నారు. దాంతో ఎకరంన్నర కౌలుకిచ్చి, అమ్మనూ నాయిననూ పటాన్‌చెరులో నా ఫ్లాట్‌కు తీసుకొచ్చాను. కౌలు పట్టినాయన చెరుకు వేశాడు.

మొదట్లో నాయిన బాల్కనీలో కూర్చుని ముంబై హైవే మీద లారీలు చూసేవాడు. పొద్దున నేను ఔటర్ ఎక్కి గచ్చిబౌలి ఆఫీసుకు పోయేటప్పుడు అదే కుర్చీ, రాత్రి వచ్చేసరికీ అదే కుర్చీ. దసరా అయ్యాక ఒకరోజు, "టెర్రస్ మీద ఆలుగడ్డ పెడదామా నాయినా" అన్నాను. "మిద్దె మీద ఎవుసమా?" అని నవ్వాడు. తెల్లారి చూస్తే విత్తనం కోసం ఊర్లో ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

మట్టి విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. పక్కన పునాదులు తవ్విన మట్టి ఊరికే ఇస్తామన్నారు, వద్దన్నాను. ఇక్కడ ఫ్యాక్టరీలు వచ్చాక నక్కవాగు ఏమైందో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పరీక్ష చేయించకుండా ఏ మట్టిలో ఏముందో చెప్పలేం. పైగా గడ్డ పెరిగేది మట్టి లోపలే కదా. అందుకే మా పొలం మట్టినే ట్రాలీ ఆటోలో తెప్పించాం. మట్టి ఖరీదు సున్నా, ఆటో కిరాయి మాత్రం నేను ఇక్కడ రాయను.

నవంబర్ మొదటి వారంలో ఇరవై బ్యాగుల్లో పెట్టాం. రాత్రిళ్లు చలిగా ఉంటేనే గడ్డ ఊరుతుంది, 20 డిగ్రీల లోపు ఉండాలి. ఆ విషయంలో మాకు లోటు లేదు. చలికాలం వార్తల్లో తక్కువ ఉష్ణోగ్రతల లిస్టు చదువుతుంటే పటాన్‌చెరు పేరు తరచూ వినిపిస్తుంది.

జనవరి చివర్లో ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఇక తవ్వేద్దామని నేను రెడీ. నాయిన నీళ్లు బంద్ చేసి, మొక్కల్ని పైనుంచి కోసేసి, పన్నెండు రోజులు ఆగమన్నాడు. పైన మొక్క లేకుండా ఇంకా ఏం పెరుగుతుంది అన్నాను. ఒక గడ్డ బయటికి తీసి బొటనవేలితో రుద్దాడు. తోలు ఉల్లిపొరలా లేచి వచ్చింది. "గిది గట్టిపడాలె. ఇప్పుడు తీస్తే పది రోజులు సుత నిల్వదు" అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత తవ్వితే ఇరవై ఆరు కిలోలు వచ్చాయి. అమ్మ కడగబోతే నాయిన కసిరాడు. కడిగితే తడి నిలిచి కుళ్లు పడుతుంది, మట్టి ఆరాక చేత్తో దులిపితే చాలు. దెబ్బ తగిలినవి వేరు చేసి ముందు వాటినే వండుకున్నాం. మిగిలినవి లిఫ్ట్ రూమ్ పక్కన నీడలో, గోనెసంచుల మధ్య పది రోజులు పరిచాం. ఈ పది రోజుల్లో గడ్డ తన గాయాలు తానే మాన్పుకుంటుంది. గీత పడిన చోట బెరడులాంటి కొత్త పొర కడుతుంది. తవ్వాక కూడా ఆలుగడ్డ బతికే ఉంటుంది, ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. అందుకే దానికి గాలి కావాలి. వెలుతురు మాత్రం వద్దు. వెలుతురు తగిలితే పచ్చబడుతుంది, దాంతోపాటు సొలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది. ఉడికించినా అది పోదు.

తర్వాత టమాటా క్రేట్లలోకి ఎత్తి మంచం కింద పెట్టాం. పురుగు పట్టకుండా పైన ఎండిన వేపాకు. ఉల్లిగడ్డలు వేరే గదిలోకి పోయాయి. ఫ్రిజ్‌లో పెడదామన్న ఐడియా నాదే, నాయిన తల అడ్డంగా ఊపాడు. చదివి చూస్తే ఆయన మాటే కరెక్ట్. ఆ చలికి పిండి చక్కెరగా మారుతుంది, వేపుడు చేస్తే నల్లబడుతుంది.

రోజూ పొద్దున నాయిన క్రేటు బయటికి లాగి వాసన చూసేవాడు. ఒక్కటి మెత్తబడినా వాసన పట్టేస్తాడు. మా స్టాండప్ మీటింగ్ కంటే టైముకు జరిగేది.

"ఊర్లో ఇట్ల పది రోజులు ఎన్నడన్న ఆరబెట్టినవా?" అని అడిగాను. "యాడ? కూలోళ్లకు పైసలియ్యాలె, మందుల షాపుల బాకీ గట్టాలె. తీసిన నాడే లారీ ఎక్కాలె" అన్నాడు. అందరూ ఒకేసారి తీస్తారు కాబట్టి ధర పడిపోయేదీ అప్పుడే. ఎలా ఆరబెట్టాలో ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి, తన పంట అంతటినీ అలా ఆరబెట్టుకున్నది మొదటిసారి మా మిద్దె మీదే.

మార్చి చివర్లో చూస్తే కోడిగుడ్డంత గడ్డలు పదిహేను పక్కకు తీసి పెట్టాడు. వచ్చే అక్టోబర్‌కు విత్తనమా అని అడిగాను. "అప్పటిదాకా ఆగవు రా" అన్నాడు. గడ్డ తవ్వాక రెండు నెలలు, కాస్త అటూ ఇటూ నిద్రలో ఉంటుంది, తర్వాత కళ్లు తెరిచి మొలకెత్తుతుంది. మన ఎండలకు ఇంకా తొందరపడుతుంది. అక్టోబర్ దాకా నిద్రపుచ్చాలంటే 2 నుంచి 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ కావాలి. అందుకే మా వైపు విత్తనం ఏటా ఆగ్రా వైపు నుంచి లారీల్లో వస్తుంది.

"మరి ఇవెందుకు తీసినవ్?"

"అత్తకు పంపుదామని. పొలం మట్టిల పండినయే గద." కాసేపాగి, "చెరుకు కొట్టినంక పొలం ఎన్నడు ఖాళీ అయితదో అడిగినవా?" అన్నాడు.

అడగలేదు. చెరుకు ఒకసారి కొట్టాక మళ్లీ పిలకలు వస్తాయి, అంటే ఇంకో ఏడాది. ఆ లెక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు. వంటింట్లో అమ్మ కుక్కర్ మూత పెడుతూ ఆగింది. జూన్‌లో గుండె చెకప్ ఉంది, అది చూసి మాట్లాడుకుందాం అన్నాను. సరే అనలేదు, కాదనలేదు. క్రేటును కాలితో మంచం కిందికి నెట్టి, అత్తకు ఫోన్ కలపమని సెల్లు నా చేతికిచ్చాడు.