లైన్ క్లియర్

తెలుగువాళ్ల నోట పడ్డ ఇంగ్లిషు మాటల్లో ‘లైన్’ మోసినన్ని బరువులు మోసినవి అరుదు. రేషన్ షాపు ముందు నిలబడితే లైన్. ఫోన్లో అవతలి మనిషి వింటుంటే లైన్లో ఉన్నట్టు. కాలేజీ కుర్రాడు ఓ అమ్మాయి వెనకాల తిరిగితే లైన్ వేస్తున్నట్టు. ‘మీవాడు ఏ లైన్లో ఉన్నాడండీ?’ అంటే ఉద్యోగమో వ్యాపారమో చెప్పాలి. ఫిల్మ్‌నగర్‌లో రచయిత నిర్మాతకు ముందుగా వినిపించేది లైనే. అది ఓకే అయ్యాకే కథ. కమ్యూనిస్టులు విడిపోయినప్పుడల్లా తగువు లైన్ దగ్గరే వచ్చింది. ఉత్తరాంధ్రలో ‘కేకే లైన్’ అంటే చాలు, కొత్తవలస–కిరండోల్ అని విడమరచనక్కర్లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజం అరకు కొండల మీదుగా విశాఖకు దిగేది దానిమీదే.

ఇన్ని పనులు చేసే ఈ మాట పుట్టింది అవిసె చేలో. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె. ఆ నారతో పేనిన దారం లీనియా. తాపీ మేస్త్రీ గోడ లేపే ముందు ఆ కొసనా ఈ కొసనా మేకులు కొట్టి బిగించే దారం ఉంటుందే, లైన్ మొదటి రూపం అలాంటిదే. కాగితం మీది గీతగా మారడం తర్వాతి సంగతి. దారానికి రెండు కొసలుంటాయి. రెండు కొసలూ గట్టిగా పట్టి ఉంటేనే అది తిన్నగా నిలుస్తుంది. మనం వాడే లైన్లలో విలువైనవన్నీ నాకు ఇలాగే కనిపిస్తాయి. ఈ కొసన ఒక మనిషి, ఆ కొసన ఒక మనిషి, మధ్యలో ఒక నమ్మకం.

యూరియాకు కొరత వచ్చిన ఏడాది సొసైటీ గోదాము ముందు చెప్పుల లైన్ కనిపిస్తుంది. తెల్లవారుజామున వచ్చిన రైతు ఎండెక్కాక చెట్టు కిందికి వెళ్లి కూర్చుంటాడు. అతని బదులు అతని చెప్పులో, పట్టాదారు పాసుపుస్తకమో నిలబడుతుంది. వెనక వచ్చినవాడికీ ఎరువు అంతే అవసరం. అయినా ముందున్న చెప్పుల్ని పక్కకు నెట్టడు. రైతును అలా నిలబెట్టిన వ్యవస్థ సిగ్గుపడాల్సిందే గానీ, ఆ చెప్పుల వరసలో ఉన్న మర్యాద మాత్రం గొప్పది.

ఈ నమ్మకం ప్రాణాల మీదికి వచ్చే చోట పుట్టిన మాట ‘లైన్ క్లియర్’. ఆటోమేటిక్ సిగ్నళ్లు లేని మార్గాల్లో, రెండు స్టేషన్ల నడుమ ఒక పట్టాల జత మీద ఒకసారికి ఒక్క బండే ఉండాలి. అందుకే ఇక్కడి స్టేషన్ మాస్టర్ అవతలి స్టేషన్‌ను అడుగుతాడు. ముందు పంపిన బండి పూర్తిగా వచ్చేసిందని, దారి ఖాళీగా ఉందని చూసుకుని అక్కడివాళ్లు లైన్ క్లియర్ ఇస్తారు. అప్పుడుగానీ ఇక్కడ బండి కదలకూడదు. సింగిల్ లైన్ల మీద ఈ అనుమతి చేతికి తగిలేలా ఉండేది. ఒక లోహపు గోళాన్ని తోలు సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి డ్రైవర్‌కు అందించేవారు. యంత్రంలోంచి ఒక గోళం బయటికొచ్చిందంటే, అది మళ్లీ యంత్రంలో పడేదాకా రెండోది రాదు. వెయ్యిమంది నిద్రపోతున్న బండి చీకట్లోకి దూసుకుపోయేది, ఎవరో కనపడని మనిషి ఇచ్చిన ఆ మాట పట్టుకునే.

కరెంటు శాఖలోనూ ఇదే మాట ఉంది. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ‘ఎల్సీ’ తీసుకుంటాడు. ఎల్సీ అంటే లైన్ క్లియరే. రైల్వేలో దానికి ‘బండి రావచ్చు’ అని అర్థం; ఇక్కడ ‘కరెంటు ఆపాం, మనిషి ఎక్కవచ్చు’ అని. ఆపరేటర్ 11 కేవీ ఫీడర్ ఆపి, పేరూ టైమూ పుస్తకంలో రాసుకుంటాడు. ఎల్సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇంకెవరో ఫోన్ చేసి ‘పని అయిపోయింది, వేసెయ్యండి’ అంటే వేయకూడదు. లైన్‌మన్ కూడా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలి. ఎందుకంటే కరెంటు సబ్‌స్టేషన్ నుంచే రావాలని లేదు. సరైన చేంజోవర్ స్విచ్ లేకుండా ఏ దుకాణంలోనో ఆన్ చేసిన జనరేటర్ నుంచి అది వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులకు పెరిగి, పై తీగల్లోకి ఎక్కగలదు.

ఎల్సీ తీసుకున్నా కరెంటు వచ్చి లైన్‌మన్ స్తంభం మీదే ప్రాణం వదిలాడన్న వార్త జిల్లా పేజీల్లో మళ్లీ మళ్లీ చదువుతున్నాం. ఆ కొసన ఒక మాట తప్పితే ఈ కొసన ఒక ఇల్లు కూలుతుంది. ఇంత ప్రమాదమున్న పని కోసమే తెలంగాణలో ఆడపిల్లలు హైకోర్టు దాకా వెళ్లారు. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి 2021లో ఉద్యోగంలో చేరారు. ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతున్నారు. ఆ రోజు మన వీధి లైన్‌మన్ పేరు తెలుసుకున్నా మంచిదే.

ఉద్యోగాల భర్తీకో, వంతెనకో అడ్డంకి తొలగితే పత్రికలు ‘లైన్ క్లియర్’ అని శీర్షిక పెడతాయి. అడ్డు లేదు అన్నంతవరకే ఆ వాడుక. వాడుకలో మాటలు ఇలా తేలికపడటం సహజం. కానీ గాలివాన రాత్రి కరెంటు పోయినప్పుడైనా దాని అసలు బరువు మనకు గుర్తుండాలి. ఎప్పుడొస్తుందని అడగవచ్చు, తొందరపెట్టకూడదు. ఇంట్లో జనరేటర్ ఉంటే చేంజోవర్ సరిగ్గా ఉందో లేదో ఇవాళే చూపించుకోవాలి. లైన్‌మన్ క్షేమంగా కిందికి దిగి, తన నోటితో ఎల్సీ తిరిగి ఇచ్చాక వచ్చే కరెంటే మనకు కావాలి. దానికి మరో గంట పట్టినా పట్టనిద్దాం.