జాహిల్, యాహిల్

ముస్లింలు కదా, మీకు అరబ్బీ వచ్చే ఉంటుంది అనేవాళ్లు బళ్లో. రాదంటే నమ్మేవాళ్లు కాదు. మసీదు దగ్గర ఇంకో మాట. అల్లా కలాం అర్థం తెలీని జాహిల్‌గాళ్లు మీరు అనేవాడు హజ్రత్. ఒకరికి మేం అరబ్బులం, ఇంకొకరికి మొరటోళ్లం. మా ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం సీమ తెలుగు, కాస్త దక్కనీ ఉర్దూ.

అరబ్బీ రాదనడం కూడా పూర్తి నిజం కాదు. చదవడం వచ్చు. తెల్లవారు నమాజు అయ్యాక మసీదు వరండాలో చాపల మీద కూర్చోబెట్టి, అలిఫ్, బే, తే మొదలుకొని ఖురాన్ ముగిసేదాకా చదివించారు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆగాలో, గొంతులో ఏ మూల నుంచి 'ఐన్' రావాలో బెత్తం పట్టుకుని నేర్పారు. ఖతం చేసిన రోజున అమ్మీ వీధంతా మిఠాయి పంచింది. అర్థమేమిటని అడిగితే, ముందు చదవండి, సవాబు వస్తుంది అన్నారు. ఆడపిల్లలకు ఆ చదువు కూడా ఈడొచ్చేదాకానే.

మా ఖాలా కువైట్‌కు ఇంటిపనికి పోయింది. కడప పల్లెల నుంచి అట్లా పోయినవాళ్లు ఎందరో. ఆమెది వేలిముద్ర. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకున్నాక ఎడారి దాటి, అమ్మాన్ మీదుగా, ఒక చేతిసంచితో ఇల్లు చేరింది. ఆమెతో పాటు మా ఊరి దళితవాడ అక్క కూడా వచ్చింది. ఆ అక్క చర్చికి పోయే మనిషి. సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని, మాకు తెలియకూడని మాటలు ఏవైనా ఉంటే అరబ్బీలో మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరిలో ఆ అక్క అరబ్బీయే ధారాళంగా ఉండేది. ఖురాన్ ఖతం చేసినవాళ్లం మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండేవాళ్లం.

ఒకరోజు హజ్రత్ విన్నాడు. ఆయనకూ ఒక్క ముక్క అంతుబట్టలేదు. 'అది అరబ్బీ కాదు, బజారు భాష' అని తేల్చేశాడు. ఖాలా మొఖం చిన్నబోయింది. ఆ తర్వాత ఆయన ముందు ఆమె ఆ భాష ఎత్తలేదు.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం పొడిచింది. నిజమేమిటో తెలుసుకోవాలనుకున్నాం. హజ్రత్ చదివిన మదరసాలో సర్ఫ్, నహ్వ్ అని వ్యాకరణం ఏళ్ల తరబడి నేర్పుతారు, మాట్లాడించడం తక్కువ. ఆ చదువు ఉర్దూ బాగా వస్తేనే అందుతుంది. తెలుగు ద్వారా చెప్పేవాళ్లు మాకు దొరకలేదు. చివరికి వాణియంబాడిలో పుట్టి మదీనా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన వి. అబ్దుర్ రహీం గారి పుస్తకాలు చేతికొచ్చాయి. పక్క రాష్ట్రపు తమిళ ముస్లిం! ఆ మూడు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాక ఒక సంగతి తెలిసింది. ఇల్మ్, ఆలిం, తాలీం, మాలూం అన్నీ ఒక్క ధాతువు పిల్లలే. అంతెందుకు, పొలంగట్టు మీద రైతు, కౌలు, బాకీ, వసూలు, అసలు, హక్కు అంటున్నామే, అవన్నీ అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా నడిచొచ్చినవి. రాదనుకున్న భాష మా ఊరి రెడ్ల నోట్లో కూడా ఉంది.

ఇంకో సంగతి ఇంకా పెద్దది. ఖురాన్‌కు దగ్గరగా ఉండే ఫుస్‌హా ఇవాళ్టికీ పత్రికల్లో, వార్తల్లో, పాఠ్యపుస్తకాల్లో నడుస్తోంది. కానీ దాన్ని తల్లి ఒళ్లో నేర్చుకున్న అరబ్బు లేడు. బడికెళ్లి నేర్చుకోవాల్సిందే. ఇంట్లో మాట వేరు. నాకు కావాలి అనడానికి పుస్తకంలో 'ఉరీదు' అని ఉంటుంది. కువైట్‌లో 'అబీ', జోర్డాన్‌లో 'బిద్దీ', ఈజిప్టులో 'ఆయెజ్'. 'ఖహ్వా' కువైట్‌లో 'గహ్వా', కైరోలో 'అహ్వా'. 'ఏష్' అంటే కువైట్‌లో అన్నం, కైరోలో రొట్టె, మూలంలో బతుకు. గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి గారు ఎందుకు పోట్లాడారో తెలిసిన తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? ఖాలా మాట్లాడింది కువైటీ వంటింటి అరబ్బీ. హజ్రత్ చదివింది పుస్తకాల అరబ్బీ. బజారుదని తీసిపారేస్తే కువైట్ వాళ్లందరినీ తీసిపారేసినట్టే.

ఇప్పుడు ఫోనులోనే అరబ్బీ నేర్చుకుంటున్నారు పిల్లలు. మంచిదే. ఏ ఊరి అరబ్బీ అని అడగండి ముందు. దుబాయి పోయేవాడికి కైరో మాట నేర్పితే అవతలివాడికి అర్థమవుతుంది, ఈజిప్టు సినిమాల పుణ్యాన. ఎదుటివాడు చెప్పేది మాత్రం మనవాడికి ఎక్కదు.

ఖాలా మళ్లీ కువైట్ వెళ్లి, పని చాలించుకుని వచ్చాక, అక్షరాలు నేర్పమంది. ఇంట్లోనే ఖాయిదా తెరిచాం. మాటల మధ్యలో, 'ఆ ఇంట్లో చిన్న యాహిల్‌ను నేనే పెంచినా' అంది. యాహిల్ ఎవరన్నాం. 'పసిబిడ్డ రా' అంది. కాసేపు తెలీలేదు. కువైట్‌లో చాలా మాటల్లో 'జ' కాస్తా 'య' అవుతుంది. హజ్రత్ మమ్మల్ని తిట్టిన జాహిలే అది. ఏమీ తెలియనివాడు. అక్కడ దాన్ని ముద్దుగా చంటిపిల్లలకు వాడుతున్నారు.

జీమ్ దగ్గరికొచ్చాం. 'దజాజ్' అని చదివి వినిపించి, అట్లాగే అనమన్నాం. ఖాలా వేలు అక్షరం మీదే ఉంచి, 'దియాయ్ కదా? కోడి' అంది.